హిస్టరీ నుంచి బయాలజీకి: ముందు కెమిస్ట్రీ వరస చూసుకోండి

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కాలేజీ) ఏడాదిపాటు హిస్టరీ, సోషియాలజీ చదివాను, ఇప్పుడు బయాలజీకి మారి వచ్చే ఏడాదే యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) ట్రాన్స్‌ఫర్ అవ్వచ్చా అని అడిగారు. మారచ్చు, నేనూ అలాగే మారాను. వచ్చే ఏడాదే అంటే మాత్రం కుదరదు.

నేను గుంటూరులో హెచ్ఈసీతో ఇంటర్ చేసి వచ్చాను. అక్కడ హెచ్ఈసీ అంటే ఇక సైన్స్ మాట మర్చిపోవాల్సిందే. ఇక్కడ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చడం ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల పని. ఆ సులువు చూసే బోల్తా పడ్డాను. ఇంట్రో కెమిస్ట్రీ పాసైతేగానీ జనరల్ కెమిస్ట్రీ మొదటి భాగం తీసుకోనివ్వరు. అదయ్యాక రెండో భాగం, ఆ తర్వాతే ఆర్గానిక్. ఒక్కోదానికి ఒక్కో సెమిస్టర్, అంటే రెండేళ్లు. నాకు పక్కన ప్రీకాల్కులస్, కాల్కులస్ కూడా ఉన్నాయి. హిస్టరీతో గడిచిన ఏడాది కలుపుకుంటే మొత్తం మూడేళ్లు పట్టింది.

సీటు దొరకడం ఇంకో టెన్షన్. జనరల్ కెమిస్ట్రీ వెయిట్‌లిస్ట్‌లో నాది ఏడో నంబరు. మొదటి రోజు ల్యాబ్‌లో గోడకి ఆనుకుని నిలబడ్డాను. ప్రొఫెసర్ హాజరు పిలుస్తూ రానివాళ్ల పేర్లు కొట్టేస్తుంటే వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా ఏడు ఖాళీలు! ఇంకొక్కడు వచ్చుంటే నా లెక్కంతా ఓ సెమిస్టర్ వెనక్కి పోయేది.

కోర్సుల గురించి సలహా ఇచ్చే మా కాలేజీ కౌన్సెలర్ మాట విని ఒక సెమిస్టర్‌లో మ్యాథ్ వాయిదా వేసి జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు (ఏ మేజర్‌కైనా ఉండేవి) పూర్తిచేశాను. తప్పు చేశాను. సైన్స్‌లో యూసీ వాళ్లు ముందు చూసేది మేజర్ కోర్సులే. మీ హిస్టరీ క్లాసులు వృథా కావులెండి, ట్రాన్స్‌ఫర్‌కి కావాల్సిన 60 సెమిస్టర్ యూనిట్లలో (క్రెడిట్లు) అవీ కలుస్తాయి. ఫైనాన్షియల్ ఎయిడ్ తీసుకుంటుంటే మాత్రం ఆఫీసుకెళ్లి అడగండి. హిస్టరీవి కూడా కలిపి మీరు తీసుకున్న యూనిట్లు ప్రోగ్రామ్‌కి కావాల్సినవాటిలో 150 శాతం దాటితే ఎయిడ్ ఆపేస్తారు, అప్పీల్ చేసుకోవాలి.

అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో మీ కాలేజీ, మీకు కావాల్సిన క్యాంపస్, బయాలజీ ఎంచుకుంటే ఏ కోర్సు దేనికి సరిపోతుందో వస్తుంది. ఆర్గానిక్ ఒక సెమిస్టర్ చాలా, రెండూ కావాలా అన్నది క్యాంపస్‌ని బట్టి ఉంటుంది. ఆ లిస్టులో చివరి కోర్సు నుంచి వెనక్కి లెక్కేసుకోండి. ఫాల్‌లో (ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే సెమిస్టర్) చేరాలంటే అవన్నీ దాని ముందు స్ప్రింగ్‌ సెమిస్టర్‌కల్లా అయిపోవాలి, అప్లికేషన్ అంతకు ముందు ఫాల్‌లోనే వెయ్యాలి.

మ్యాథ్ ఎంతవరకు చదివారో రాయండి, మీ సెమిస్టర్ల లెక్క చూసి చెబుతాను.