జిమ్‌కి వెళ్తున్నా ఛాతీ ఎందుకు తగ్గడం లేదు? ఆపరేషన్ తప్పదా?

14 ఏళ్లప్పటి నుంచి ఛాతీ ఉబ్బినట్టు ఉందని, ఇప్పుడు 22 అని, జిమ్‌కి వెళ్లి 9 కిలోలు తగ్గినా ఛాతీ మాత్రం అలాగే ఉందని రాశారు. ఆపరేషన్ తప్పదా, చేయించుకుంటే మళ్లీ వస్తుందా అని కూడా అడిగారు.

బరువు తగ్గింది, ఛాతీ తగ్గలేదు. అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. నాకూ ఇలాగే మొదలైంది, దాదాపు మీ వయసులోనే. ఇది ఒంట్లో కొవ్వు అనుకుని ఏళ్ల తరబడి పుషప్స్ తీశాను. కింద కండ పెరిగింది, దాని మీదున్న ముద్ద ఇంకాస్త ముందుకొచ్చింది! చొక్కా లోపల బిగుతైన బనియన్, దాని మీద ఇంకో బనియన్, ఫొటో అంటే చేతులు కట్టుకోవడం, నడుస్తుంటే భుజాలు ముందుకు వంచుకోవడం. ఈ విద్యలన్నీ మీకు నేను చెప్పక్కర్లేదనుకుంటా.

23 ఏళ్లప్పుడు ధైర్యం చేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు తల కింద పెట్టుకోమని, బొటనవేలు, చూపుడువేలుతో రెండు పక్కల నుంచి చనుమొన వైపు మెల్లగా నొక్కుతూ వచ్చారు. సరిగ్గా చనుమొన కింద రబ్బరు బిళ్లలాంటిది వేళ్లకి తగిలింది. నా వేళ్లు పెట్టించి నాకూ చూపించారు. అది రొమ్ము గ్రంథి. మగవాళ్లలో ఇది ఇలా పెరగడాన్ని గైనకోమాస్టియా అంటారు. అలాంటి బిళ్ల ఏమీ తగలకుండా అంతా మెత్తగా ఉంటే అది ఉత్త కొవ్వు. కొవ్వయితే బరువు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. గ్రంథి వ్యాయామానికి కరగదు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి, నాకూ అంతే.

మగవాళ్లలోనూ కొద్దిగా రొమ్ము కణజాలం ఉంటుంది, ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజన్ కూడా కొద్దిగా తయారవుతుంది. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌తో పోలిస్తే ఈస్ట్రోజన్ ప్రభావం ఎక్కువైతే ఆ కణజాలం పెరుగుతుంది. యుక్తవయసు వచ్చేటప్పుడు ఈ తూకం కొన్నాళ్లు తప్పడం మామూలే. చాలామంది అబ్బాయిలకి ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే పోతుంది. తర్వాత ఎప్పుడో మా అన్నయ్యతో చెబితే, "నాకూ ఉండేదిరా, ఏడాదిలో పోయింది" అన్నాడు తాపీగా. ఆ ముక్క పదేళ్ల ముందు చెప్పి ఉంటే ఎంత టెన్షన్ తప్పేదో! పసిపిల్లల్లోనూ, 50 దాటినవాళ్లలోనూ కూడా ఇది కనిపిస్తుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే ఇంకో తంటా ఉంది. కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. కాబట్టి మీరు తగ్గిన 9 కిలోలు వృథా ఏమీ కాదు.

డాక్టర్ తర్వాత అడిగింది మందుల గురించి. బీపీ, గుండె జబ్బులకి వాడే స్పైరనోలాక్టోన్, జుట్టు రాలకుండా వాడే ఫినాస్టరైడ్, రిస్పెరిడోన్ లాంటి కొన్ని మానసిక వ్యాధుల మందులు, ఫంగస్‌కి వాడే కీటోకొనజోల్ మాత్రలు, వీటివల్ల రావచ్చు. కండల కోసం తీసుకునే స్టెరాయిడ్లు అయితే మరీను. ఒంట్లోకి ఎక్కించిన టెస్టోస్టిరాన్‌లో కొంత ఈస్ట్రోజన్‌గా మారిపోతుంది. మీరు జిమ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, ట్రైనర్ ఏమైనా ఇంజక్షన్లు, పేరు లేని పొడులు ఇచ్చాడా? ఇచ్చి ఉంటే డాక్టర్ దగ్గర దాచకండి. డాక్టర్ రాసిన మందు మీద అనుమానం వస్తే మాత్రం సొంతంగా ఆపేయకుండా రాసినవాళ్లనే అడగండి.

ఆ తర్వాత వృషణాలు పరీక్ష చేయాలన్నారు. "ఛాతీ కోసం వచ్చాను కదా సార్, అక్కడెందుకు?" అన్నాను. చచ్చేంత సిగ్గేసింది. కానీ అసలు పరీక్ష అదేనట. వృషణాల్లో కణితి ఉంటే ముందుగా ఛాతీ దగ్గర బయటపడవచ్చు. క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక X క్రోమోజోమ్ ఎక్కువ ఉండటం) ఉన్నవాళ్లకి వృషణాలు చిన్నగా, గట్టిగా ఉంటాయి. లివర్, కిడ్నీ జబ్బులు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా కారణాలే. అందుకే పొద్దున్నే రక్తం తీసి టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్, ప్రొలాక్టిన్, హెచ్‌సీజీ అనే హార్మోన్లకి, ఇంకా థైరాయిడ్, లివర్, కిడ్నీ పరీక్షలు చేయించారు. అన్నీ నార్మల్. యుక్తవయసులో వచ్చి ఉండిపోయిన కేసు నాది.

మాత్రలతో పోదా అని నేనూ అడిగాను. టామోక్సిఫెన్ అనే మందు కొందరికి కొన్ని నెలలు ఇస్తారు. అది పనిచేసేది ఎక్కువగా కొత్తగా వచ్చి, ముట్టుకుంటే నొప్పిగా ఉన్న దశలో. ఏడాది దాటితే లోపలి కణజాలం నారలా గట్టిపడిపోతుంది, ఇక మందు పెద్దగా చేసేదేమీ ఉండదు. నాది 9 ఏళ్ల సరుకు, అందుకే ఆయన రాయలేదు. మీదీ 8 ఏళ్లు కాబట్టి మందుల షాపులో అడిగి కొనేసే ఆలోచన పెట్టుకోకండి. పూసుకునే క్రీముల గురించి ఒక్క మాట: డబ్బు దండగ.

కాబట్టి మీది గ్రంథే అయితే పోవడానికి దారి ఆపరేషనే. కానీ తప్పదా అంటే, పరీక్షలన్నీ బాగుంటే తప్పనిసరేమీ కాదు. అలా వదిలేసినా ఒంటికి హాని లేదు. నాకు మనసుకి భారమై చేయించుకున్నాను, 25 ఏళ్లప్పుడు, బరువు ఏడాదిపాటు నిలకడగా ఉన్నాక. మొదట వెళ్లిన ఒక క్లినిక్‌లో లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు లాగేయడం) ఒక్కటి చాలు, చిన్న రంధ్రంతో అయిపోతుందన్నారు. కనీసం వేళ్లతో నొక్కి కూడా చూడలేదు. రెండో సర్జన్ చూసి, కొవ్వు లాగేసినా బిళ్ల అక్కడే ఉంటుంది, కోసి తీయాల్సిందే అన్నారు. చనుమొన చుట్టూ ముదురు రంగు వలయం ఉంటుంది కదా, దాని కింది అంచున కోశారు. మచ్చ ఇప్పుడు వెతికితే గానీ కనపడదు. గ్రంథి మొత్తం తీసేస్తే చనుమొన గుంటలా లోపలికి పోతుందని కొంచెం వదిలేశారు.

నొప్పి నేను భయపడినంత లేదు. ఒంటికి బిగించే జాకెట్ ఆరు వారాలు వేసుకోవడమే చిరాకు. ఎడమవైపు నీరు చేరితే సూదితో తీశారు. కొన్ని నెలలు స్పర్శ సరిగా తెలియలేదు, ఒకచోట ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది. ఇవి జరగవచ్చని ముందే చెప్పే సర్జన్‌ని నమ్మండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఒకవైపే, చనుమొనకి పక్కగా, రాయిలా గట్టిగా గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తం వచ్చినా, చర్మం గుంట పడినా, చంకలో గడ్డలు కనిపించినా వెంటనే చూపించుకోవాలి. రొమ్ము క్యాన్సర్లలో దాదాపు 1 శాతం మగవాళ్లలోనే వస్తాయి.

ఇక మళ్లీ వస్తుందా అంటే, గ్రంథి సరిగ్గా తీసి, కారణమైన మందో జబ్బో లేకపోతే రావడం అరుదు. నాకు తొమ్మిదేళ్లయింది, రాలేదు. మధ్యలో బరువు పెరిగినప్పుడు ఛాతీ మీద కొవ్వు చేరింది, తగ్గాక అదీ పోయింది. ముందు ఎండోక్రైనాలజిస్టుకి, అంటే హార్మోన్ల డాక్టర్‌కి చూపించండి, సర్జన్ తర్వాత.