ఐదు సీట్ల వ్యాన్‌లో వెనక సీటు తీసి పనిముట్ల ర్యాకులు పెట్టించవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే పని. సెకండ్ హ్యాండ్‌లో ఐదు సీట్ల మారుతి ఈకో కొన్నాను. తెల్ల బోర్డు, ఫైనాన్స్ ఇంకా తీరలేదు. వెనక సీటు తీసేసి రెండు పక్కలా ర్యాకులు, డ్రాయర్లు, టాపు మీద నిచ్చెనకు క్యారియర్ చేయించాలని వెల్డింగ్ షాపులో మాట్లాడాను. ఆర్టీఓ వాళ్లు పట్టుకుంటారని ఒకరు, సొంత బండిలో సొంత సామాను గనక ఎవరూ అడగరని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం?

జవాబు: అడ్వాన్స్ ఇవ్వకపోతే ఆగండి. ర్యాకులతో చట్టానికి పెద్దగా పేచీ లేదు. మీరు తీయబోయే వెనక సీటుతోనే పేచీ.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారితే దాన్నే ‘మార్పు’ అంటుంది ఆ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు జయచంద్ర కేసులో ఈ విషయం గట్టిగానే చెప్పింది. మీ ఆర్సీలో సీటింగ్ కెపాసిటీ 5 అని, తరగతి మోటారు కారు అని ఉంటుంది. సీటు శాశ్వతంగా తీసి ఆ చోట ర్యాకు బిగిస్తే ఆ రెండూ అబద్ధమవుతాయి. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

జరిమానా కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇన్సూరెన్స్. మీ పాలసీ కాగితంలో ‘వాడకంపై పరిమితులు’ అన్న పేరా చదవండి. ప్రైవేటు కారు పాలసీలో శాంపిళ్లు, సొంత లగేజీ తప్ప సరుకు రవాణాకు వాడితే వర్తించదని ఉంటుంది. ఒక టూల్ బాక్సు డిక్కీలో పెట్టుకుని వెళ్తే ఎవరూ తప్పు పట్టరు. నాలుగు అరల ర్యాకు, రాగి పైపుల చుట్టలు, అవుట్‌డోర్ యూనిట్, గ్యాస్ సిలిండర్లతో రోజూ తిరిగే బండి సొంత లగేజీ మోస్తోందని వాదించడం కష్టం. పైగా సరుకు కోసం తయారవని బండి అయినా, సరుకు మోయడానికి వాడుతున్నప్పుడు అది గూడ్స్ క్యారేజే అని చట్టంలోని నిర్వచనమే చెబుతోంది. ప్రమాదంలో ఎవరైనా చనిపోతే, కంపెనీ ముందు పరిహారం చెల్లించి తర్వాత మీ దగ్గర వసూలు చేసుకునేలా కోర్టు ఆదేశించే ప్రమాదం ఉంది. అలా జరిగితే ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుంది.

అందుకని నా సలహా, ఈ బండికి బదులు కార్గో వ్యాన్ తీసుకోండి. అది కంపెనీ నుంచే రెండు సీట్లతో గూడ్స్ బండిగా వస్తుంది. స్థూల బరువు, అంటే బండి, మనుషులు, సరుకు అన్నీ కలిపిన బరువు, 3,000 కిలోలు మించని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు, అదే చట్టంలోని 66(3)లోనే ఆ మినహాయింపు ఉంది. ఫిట్‌నెస్ మాత్రం తప్పదు: ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. లైసెన్సు గురించి దిగులొద్దు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని తేల్చింది.

ఆ కార్గో వ్యాన్‌లో ర్యాకులు బిగించేటప్పుడు బాడీకి వెల్డింగ్ చేయించకండి. బోల్టులు విప్పితే కంపెనీ ఇచ్చిన బండి మళ్లీ కనిపించాలి. అలాంటి ర్యాకు 52వ సెక్షన్ చెప్పే మార్పు కిందికి రాదని నా అభిప్రాయం. బండిలో ఉన్న బోల్టు రంధ్రాలనే వాడండి, 8 ఎంఎం హై టెన్సైల్ బోల్టు, కింద 50 బై 50 ఎంఎం ఇనుప ప్లేటు. కొత్త రంధ్రం తప్పదనుకుంటే ముందు బండిని లిఫ్టు ఎక్కించి కింద నుంచి చూడాలి. ఫ్లోర్ కింద పెట్రోల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఉంటాయి. సీఎన్‌జీ బండయితే గ్యాస్ లైను కూడా.

బరువు లెక్క కాగితం మీద వేసుకోండి. ఉదాహరణకు ఆర్సీలో ఖాళీ బరువు 920, స్థూల బరువు 1,540 అనుకుందాం. చేతిలో ఉన్నది 620 కిలోలు. ఇద్దరు మనుషులకు 140 పోతుంది. 18 ఎంఎం ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు సుమారు 35 కిలోలు, మూడు షీట్లకు 105. 25 ఎంఎం చదరపు పైపు, 1.6 మందం, మీటరుకు 1.2 కిలోల లెక్కన 25 మీటర్లకు 30. సామాన్లకు మిగిలింది 345. పెద్ద నైట్రోజన్ సిలిండరే 50 కిలోల పైన తూగుతుంది. అరలకు 12 ఎంఎం ప్లై వాడితే షీటుకు పన్నెండు కిలోలు కలిసొస్తాయి. పని పూర్తయ్యాక వే బ్రిడ్జి మీద తూకం వేయించి చీటీ దాచండి. బరువు మించితే కేంద్ర చట్టంలోని 194వ సెక్షన్ కింద జరిమానా 20,000, పైగా అదనపు టన్నుకు 2,000. బరువైనవి కింది అరలో, చక్రాల మధ్యకు దగ్గరగా ఉండాలి. సీట్ల వెనక ఇనుప జాలీ లేకుండా ర్యాకు పెట్టవద్దు. సడన్ బ్రేకు వేస్తే డ్రాయరు నేరుగా మీ వీపుకే వస్తుంది.

టాపు మీద నిచ్చెన ఆలోచన మానుకుంటే మంచిది. సామాను బండి వెనక భాగం దాటి బయటికి పొడుచుకు రాకూడదు, వస్తే అదే 194లో విడిగా 20,000 ఉంది. మడిస్తే మీటరు లోపుకు వచ్చే టెలిస్కోపిక్ నిచ్చెన లోపలే పట్టేస్తుంది.

హెల్పరు ముందు సీట్లోనే కూర్చోవాలి. ఇద్దరు హెల్పర్లుంటే ఒకరు వెనక టూల్ బాక్సు మీద కూర్చోవడం మామూలుగా చూస్తుంటాం. అలా కూర్చున్న మనిషికి దెబ్బ తగిలితే పరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది. ముందు కూర్చునే పనివాడి కోసం కూడా పాలసీలో అదనపు ప్రీమియం కట్టి పేరా రాయించుకోండి. ర్యాకుల బిల్లు చూపించి యాక్సెసరీలుగా విలువ చేర్పించండి. వ్యాన్‌లోని పనిముట్లు మోటారు పాలసీలోకి రావు, వాటికి దొంగతనం పాలసీ వేరుగా తీసుకోవాలి.

రాగి పైపులు మంటతో అతికే బ్రేజింగ్ పనికి ఇంటి 14.2 కిలోల సిలిండరు వాడకండి. గృహ అవసరాల గ్యాసును వ్యాపారానికి వాడితే నిత్యావసర వస్తువుల చట్టం కింద క్రిమినల్ కేసు అవుతుంది. 5 కిలోల కమర్షియల్ సిలిండరు దొరుకుతుంది. సిలిండర్లు నిలబెట్టి, బెల్టు వేసి, వాల్వు మూత బిగించి తీసుకెళ్లండి. ఎల్‌పీజీ, ఏసీల్లో నింపే ఆర్-32 రిఫ్రిజరెంట్ గ్యాస్ రెండూ గాలికన్నా బరువు, లీకైతే ఫ్లోరు మీదే పేరుకుంటాయి. ఆర్-32 అంటుకునే గుణం ఉన్నది. రాత్రి వాటిని వ్యాన్‌లో వదలవద్దు. రిఫ్రిజరెంట్ సిలిండరు 52 డిగ్రీలు దాటకూడదు, మే నెల ఎండలో మూసిన వ్యాన్ లోపల ఆ వేడి తేలిగ్గా దాటుతుంది.

ఫైనాన్స్ సంగతి ఒకటుంది. బండి మార్చినా, అదే ఉంచుకున్నా, లోను ఒప్పందంలో మార్పుల గురించిన షరతు చూడండి. హైర్ పర్చేజ్ (వాయిదాల కొనుగోలు ఒప్పందం) అయితే లిఖితపూర్వక అనుమతి 52(5) ప్రకారమే తప్పనిసరి. ఒకవేళ పాత బండినే మార్చుకోవాలన్న పట్టుదల ఉంటే, సీటు బోల్టు విప్పకముందే రిజిస్ట్రేషన్ అధికారికి దరఖాస్తు ఇచ్చి లిఖితపూర్వక జవాబు తీసుకోండి. అనుమతి వస్తే, మార్పు చేసిన 14 రోజుల్లోపు ఆర్సీలో ఎక్కించుకోవాలి. అనుమతి దొరుకుతుందని నేను ఆశ పెట్టను.