జబ్బు లేని మనిషి మెదడుతో వాళ్లకేం పని?

ప్రశ్న: మాది మదనపల్లె. మా అత్తగారు వాళ్లది సరిహద్దు అవతల, కర్ణాటకలోని శ్రీనివాసపురం పక్కన పల్లె. ఆవిడకి 64 ఏళ్లు, ఏ జబ్బూ లేదు, ఇప్పటికీ మామిడి తోట పని చూసుకుంటారు. మెదడు పరిశోధన వాళ్లు వచ్చి రక్తం తీస్తాం, స్కాన్ చేస్తాం, కొన్నేళ్లపాటు మళ్లీ మళ్లీ చూస్తాం అన్నారట. ఆ వివరాలు వేరే శాస్త్రవేత్తలకీ ఇస్తారట. మామగారు వద్దంటున్నారు. ఆవిడకి చదువు రాదు, దేనిమీద వేలిముద్ర వేయించుకుంటారోనని నాకూ టెన్షన్‌గా ఉంది.
– ఒక కోడలు

జవాబు: మీ అత్తగారు బాగున్నారు కాబట్టే అడుగుతున్నారమ్మా. ఊరిని బట్టి చూస్తే ఇది బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ అనే మెదడు పరిశోధన కేంద్రం వాళ్ల పని అయ్యుండాలి, అయినా ముందు వాళ్ల గుర్తింపు కార్డులు చూడండి. ఆ తాలూకా పల్లెల్లో 45 దాటి, మతిమరుపు జబ్బు లేనివాళ్లని 10,000 మందిని చేర్చుకుని ఏళ్ల తరబడి గమనించాలన్నది ఆ సంస్థ పెట్టుకున్న లక్ష్యం.

మతిమరుపు జబ్బుల్లో ముఖ్యమైన అల్జీమర్స్ బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయి. మనం ఆసుపత్రికి వెళ్లేది ఇంటి దారి మరిచిపోయాక. అప్పుడు ఎన్ని స్కాన్లు తీసినా అది ఎలా మొదలైందో తెలియదు. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చినట్టు తేలింది, చదువు రానివాళ్లలో కూడా. గొప్ప విషయమే, కానీ ఆ లెక్క జబ్బు వచ్చినవాళ్లని చూసి వేసింది. తెలుగూ కన్నడమూ రెండూ వాడే మీ అత్తగారి లాంటివాళ్లని బాగున్నప్పటినుంచీ గమనిస్తే కదా అసలు సంగతి తెలిసేది.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ప్రపంచమంతా వాడే జ్ఞాపకశక్తి పరీక్షలో వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటారు, ఇంగ్లీషు మాటని వెనకనుంచి అక్షరాలు చెప్పమంటారు, ఒకదానిమీద ఒకటి పడిన రెండు ఐదు భుజాల బొమ్మలు గీయమంటారు. మా అమ్మమ్మ పెన్ను పట్టి ఎరగదు. పాల లెక్క మాత్రం వంటింటి గోడమీద బొగ్గుతో గీతలు గీసి పెట్టుకునేది, నెలాఖరున ఒక్క గ్లాసు తేడా వచ్చినా పాలవాడిని నిలబెట్టి అడిగేది. ఆ పరీక్ష పెడితే ఆవిడకి మతి లేదని రాసేవాళ్లు! వారాల పేర్లు వెనకనుంచి చెప్పమనడం లాంటి మన పల్లెవాళ్లకి సరిపోయే పరీక్షలు కావాలన్నా, ఏ వయసులో ఎంత మరుపు మామూలో తేల్చాలన్నా, ఆరోగ్యంగా ఉన్న మనవాళ్ల వివరాలే కొలబద్ద.

ఇక వేరేవాళ్లకి ఇవ్వడం గురించి. ఒక్క సంస్థ దగ్గరున్న కొద్ది వివరాలతో ఇంత పెద్ద విషయం తేలదు. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే ఆరోగ్య సమాచార భాండారం 2006 నుంచి 2010 మధ్య 40–69 ఏళ్లవాళ్లని 5 లక్షల మందిని చేర్చుకుంది, అనుమతి తీసుకున్న ఏ దేశపు పరిశోధకుడైనా ఆ సమాచారం వాడుకోవచ్చు. ఇలా పంచేటప్పుడు పేరు, ఊరు తీసేసి నంబరు పెడతారు. తల స్కాన్ నుంచి ముఖం ఆకారం తయారుచేసే వీలుంది కాబట్టి ఆ భాగాన్ని కూడా చెరిపేస్తారు. రక్తంలోంచి తీసిన డీఎన్‌ఏ సంగతి వేరు, దాన్ని పూర్తిగా గుర్తు తెలియకుండా చేయడం కష్టం. అది ఎవరికి ఇస్తారో, దేనికి వాడతారో గట్టిగా అడగండి. జవాబు సరిగ్గా చెప్పకపోతే వేలిముద్ర వద్దు.

వేలిముద్ర భయం న్యాయమైనదే. చదువు రానివాళ్ల చేత ఊరికే వేలిముద్ర వేయించుకోకూడదు, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నియమాల ప్రకారం పరిశోధన బృందంతో సంబంధం లేని సాక్షి ఎదుట మొత్తం చదివి వినిపించాలి. ఆ రోజు మీరు దగ్గరుండండి. చేరాక నచ్చకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు. ఇది వైద్యం కాదని కూడా ఆవిడకి అర్థమయ్యేలా చెప్పండి, స్కాన్‌లో అనుకోకుండా ఏదైనా కనబడితే మీకు చెబుతారో లేదో ముందే తెలుసుకోండి.

ఇవన్నీ సరిపోతే చేరమనే అంటాను, నిర్ణయం మాత్రం మామగారిదీ మీదీ కాదు, ఆవిడది. తీసేది ఎంఆర్‌ఐ స్కాన్ అయితే దానికి ఎక్స్‌రే లాంటి రేడియేషన్ ఉండదు, మోత మాత్రం చాలా ఉంటుంది. మెట్టెలతో సహా నగలన్నీ తీయమంటారు, మంగళసూత్రం కూడా. అది ఇంట్లోనే చెప్పి పంపండి, అక్కడికెళ్లాక తెలిస్తే కంగారుపడతారు.