పిల్లలు ఆఫీసుకెళ్లాక సిడ్నీ మీదే

ఈ నెల ప్రశ్నల్లో సగానికి సగం సిడ్నీలో ఉన్నవాళ్లవీ, సిడ్నీకి టికెట్లు కొనుక్కుని సూట్‌కేసులు సర్దుకుంటున్నవాళ్లవీ. అందరూ అరవై దాటినవాళ్లే. అందరి గోలా ఒకటే: ఒపెరా హౌస్ ముందు ఫొటో అయిపోయింది, ఇంకేంటి? నేను మూడు విడతలుగా వెళ్లి మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చినదాన్ని, మొదటి విడత మొత్తం సోఫాలోనే గడిపినదాన్ని కాబట్టి ఈ నెల కాలమ్ అంతా దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కయ్యా, మా అబ్బాయి వాళ్లు వెస్ట్‌మీడ్‌లో ఉంటారు. వాళ్లిద్దరూ పొద్దున్నే వెళ్లిపోతే సాయంత్రం దాకా మేం కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటున్నాం. శని, ఆదివారాలు వాళ్లకి సరుకులకీ బట్టలకీ సరిపోతోంది. మాకు మేమే తిరగగలమా? ఇంగ్లిష్ అంతంతమాత్రం. (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చెల్లీ, తిరగగలరు. అబ్బాయికి సెలవు దొరికేదాకా ఆగకండి, దొరకదు. ముందు మీ ఇద్దరికీ చెరో ఓపల్ కార్డు తీసుకోండి. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తాకించాలి. దిగేటప్పుడు మర్చిపోతే ఎక్కువ డబ్బు కోసేస్తుంది, మా వారు ఈ పాఠం రెండుసార్లు నేర్చుకున్నారు. బస్సు, రైలు, ఫెర్రీ అన్నిటికీ అదే కార్డు. రోజుకింత అని పరిమితి ఉంటుంది, అది దాటితే ఎంత తిరిగినా ఇక కోయదు. అక్కడి వృద్ధులకిచ్చే చౌక కార్డు మాత్రం మనలాంటి విజిటర్లకి ఇవ్వరు, దానికోసం కౌంటర్ల చుట్టూ తిరగొద్దు.

మొదటి రోజు ఇలా చేయండి. వెస్ట్‌మీడ్ నుంచి రైల్లో ఒక్క స్టేషన్ వెళితే పరమట్టా. అక్కణ్ణుంచి నది ఒడ్డు దాకా నడిచి, ఫెర్రీ ఎక్కి కూర్చోండి. సుమారు గంటన్నర ప్రయాణం. మొదట్లో నది మన పంటకాలువలా సన్నగా ఉంటుంది, రెండు వైపులా మడచెట్లు, పడవ మెల్లగా వెళుతుంది. పోనుపోను వెడల్పవుతూ, కాకటూ దీవి దాటాక ఎదురుగా హార్బర్ బ్రిడ్జి కనిపిస్తుంది. దాని కింది నుంచే దూరి వెళ్లి ఒపెరా హౌస్ దగ్గరి సర్క్యులర్ కీ రేవులో దింపుతారు. రోడ్డు మీదుగా వచ్చి చూసినదానికీ, నీళ్ల మీద కూర్చుని అది నెత్తిమీదికి వస్తుంటే చూసినదానికీ పోలికే లేదు. నీళ్లు మరీ తగ్గే వేళల్లో పరమట్టా దాకా పడవ రాదు, ముందు రేవు రైడల్‌మియర్‌లోనే ఆపేస్తారు. బయల్దేరే ముందు అబ్బాయి చేత ఫోన్‌లో చూపించుకోండి.

ధైర్యం వచ్చాక, రెండో రోజు సముద్రపు ఒడ్డునున్న మ్యాన్లీ. సర్క్యులర్ కీ నుంచి పెద్ద పచ్చ ఫెర్రీలో అరగంట. బయటి బెంచీ మీదే కూర్చోండి, చున్నీ గట్టిగా కట్టుకుని. హార్బర్ నోరు తెరుచుకునే చోట పసిఫిక్ సముద్రం అలలు నేరుగా పడవని తాకుతాయి, గాలి ఉన్నరోజు పడవ తిరనాళ్లలో ఊయలలాగా లేచి పడుతుంది. నేను మొదటిసారి గోవిందా అని పైకే అనేశాను. పక్కనున్న ఎనభై ఏళ్ల తెల్లామె మాత్రం ఐస్‌క్రీమ్ తింటూ నవ్వుతోంది! దిగాక కార్సో వీధిలో నాలుగడుగులేస్తే అటు సముద్రం. అక్కణ్ణుంచి షెల్లీ బీచ్ దాకా ఒడ్డునే చదునైన దారి ఉంది, మోకాళ్ల నొప్పులున్నా పరవాలేదు. దారి గోడల మీద మన తొండల్లాంటివే, మూరెడు పొడవువి, ఎండ కాచుకుంటూ ఉంటాయి. ఏమీ చేయవు.

చిప్స్ కొనుక్కుంటే మాత్రం జాగ్రత్త. సీగల్స్ అనే సముద్రపు పక్షులు తెల్లగా ముద్దుగా ఉంటాయి, దొంగ పిల్లులే. నా చేతిలో పొట్లం ఇలా విప్పానో లేదో, ఒకటి భుజం మీదుగా వచ్చి పెద్ద ముక్క లాక్కుపోయింది, వెనకాలే ఇరవై దిగాయి. మా వారు కాపాడతారేమో అని చూస్తే ఫొటో తీస్తున్నారు.

ప్రశ్న: నాకు 71. హార్బర్ బ్రిడ్జి పైకి ఎక్కాలని ఉంది. పిల్లలు "ఈ వయసులో ఎందుకు నాన్నా టెన్షన్" అంటున్నారు. (వరంగల్ పాఠకుడు)

జవాబు: అన్నయ్య గారూ, టెన్షన్ వాళ్లది, మీది కాదు. 1998 నుంచి టికెట్ పెట్టి మరీ ఎక్కిస్తున్నారు, పై వయసుకి హద్దు లేదు. వయసు బాగా పైబడినవాళ్ల దగ్గర డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు, బుక్ చేసేముందు ఆ రూల్ చూసుకోండి. మొత్తం మూడు, మూడున్నర గంటలు. వాళ్లిచ్చిన డ్రెస్సు వేసుకుని, నడుముకి బెల్టు కట్టించుకుని, దాన్ని ఇనుప తీగకి తగిలించుకుని గుంపుగా నడవాలి, మెల్లగానే. ఫోన్, జేబులో చిల్లర, ఏదీ ఉండకూడదు. కళ్లజోడుకి తాడు వాళ్లే ఇస్తారు. అన్నట్టు, ఎక్కే ముందు గొట్టంలో ఊదించి మందు కొట్టారేమో కూడా చూస్తారు, ముందురోజు పార్టీలు పెట్టుకోకండి. పైన మీరు నీటికి 134 మీటర్ల ఎత్తున ఉంటారు.

ఖర్చు మాత్రం మనిషికి వందల డాలర్లు, దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుంటే కాళ్లు వణికేది అక్కడే. అంత వద్దనుకుంటే బ్రిడ్జి తూర్పు వైపు కాలిబాట పూర్తిగా ఉచితం. ఆ బాట పక్కనే రాతి స్తంభం లోపల 200 మెట్లెక్కితే కొద్దిపాటి టికెట్టుతోనే పైనుంచి హార్బర్ అంతా కనిపిస్తుంది. నడిచి అటు ఒడ్డు మిల్సన్స్ పాయింట్‌లో దిగండి, పెద్ద నవ్వు ముఖం నోట్లోంచి లోపలికి వెళ్లే లూనా పార్క్ ఉంది, 1935 నాటిది. అందులో కోనీ ఐలాండ్ అనే పాత హాల్లో పెద్ద పెద్ద చెక్క జారుడుబల్లలు, గోనెపట్టా పరుచుకుని జారాలి. నేను జారాను. నాలుగుసార్లు.

ప్రశ్న: సముద్రంలో మునగాలని ఆశ. కానీ బీచ్‌లో అందరి ముందూ సిగ్గు, పైగా అలలంటే భయం. (విజయవాడ పాఠకురాలు)

జవాబు: మీకోసమే కట్టినట్టు ఒక చోటుంది. కూజీలో మెకైవర్స్ లేడీస్ బాత్స్. కొండరాళ్ల మధ్య సముద్రపు నీటి కొలను, ఆడవాళ్లకీ చిన్నపిల్లలకీ మాత్రమే ప్రవేశం. 1922 నుంచి అక్కడి మహిళల ఈత క్లబ్బే చూసుకుంటోంది. టికెట్ చాలా తక్కువ. కెరటం గట్టు దాటి వచ్చి చల్లగా మీద పడుతుంది, మిమ్మల్ని మాత్రం లోపలికి లాగదు. మెట్లు కొంచెం నిటారుగా ఉంటాయి, చేయి పట్టుకుని దిగండి. కాటన్ చుడీదార్‌తో దిగొద్దు, తడిసి ఇటుకలంత బరువవుతుంది, సాగే లెగ్గింగ్, పొడుగు చేతుల రాష్ వెస్ట్ (ఈతకి వేసుకునే చొక్కా) కొనుక్కోండి. ఒళ్లంతా కప్పే బుర్కినీ పుట్టిందే సిడ్నీలో, కాబట్టి మిమ్మల్ని ఎవరూ వింతగా చూడరు. ఫిబ్రవరి, మార్చిలో నీళ్లు బాగుంటాయి. సెప్టెంబరులో దిగితే పళ్లు టకటకలాడతాయి. ఆయనగారు దగ్గర్లోనే వైలీస్ బాత్స్‌లో ఈదొచ్చు, అక్కడ అందరికీ ప్రవేశం.

మామూలు బీచ్‌లో దిగితే మాత్రం ఎరుపు, పసుపు జెండాల మధ్యే. అలలు లేని ప్రశాంతమైన జాగా చూసి అక్కడ దిగుదామనుకుంటాం, లోపలికి లాక్కుపోయే ప్రవాహం తరచూ ఉండేది సరిగ్గా అలాంటి చోటే.

ప్రశ్న: కోలాని ఎత్తుకుని ఫొటో దిగాలి. ఎక్కడ? (హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో ఎత్తుకోవడం చట్టప్రకారం కుదరదమ్మా. పక్కన నిలబడి దిగొచ్చు. ఎలాగూ అది నిద్రపోతూనే ఉంటుంది.

ప్రశ్న: మా ఆవిడకి గుడి కావాలి, నాకు గాల్లో ఎగరాలని ఉంది. ఒకే రోజులో కుదురుతుందా? (రాజమండ్రి పాఠకుడు)

జవాబు: కుదురుతుంది, అదీ పది కిలోమీటర్ల లోపే. సిడ్నీకి దక్షిణంగా హెలెన్స్‌బర్గ్‌లో 1985లో ప్రతిష్ఠ జరిగిన వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది, చుట్టూ అడవి. శని, ఆదివారాల్లో క్యాంటీన్‌లో దోసెలు దొరుకుతాయి కాబట్టి అబ్బాయి కారు ఆ రోజుకి బుక్ చేసేసుకోండి. దర్శనం, దోసె అయ్యాక కారులో కాసేపట్లో బాల్డ్ హిల్. కొండ అంచు, కింద స్టాన్‌వెల్ పార్క్ బీచ్. అక్కడ శిక్షకుడితో కలిసి హ్యాంగ్ గ్లైడర్‌లో ఎగరొచ్చు. బరువుకి పరిమితి ఉంటుంది, దోసెల సంగతి చూసుకోండి. గాలి సరిగ్గా లేకపోతే ఎగరనివ్వరు, అలిగి లాభం లేదు. ఆ గాలి ఎంత బలమైనదంటే, 1894 నవంబరులో లారెన్స్ హార్‌గ్రేవ్ అనే ఆయన ఆ బీచ్‌లోనే నాలుగు పెట్టె గాలిపటాలు కట్టి వాటికి తనే వేలాడి, దాదాపు ఐదు మీటర్లు పైకి లేచాడు. ఆయన బొమ్మ చాలా ఏళ్లు ఆస్ట్రేలియా 20 డాలర్ల నోటు మీద ఉండేది.

వదిన గారు పైకి చూస్తూ భయపడుతూ కూర్చోకుండా, అబ్బాయితో సీ క్లిఫ్ బ్రిడ్జికి వెళ్లమనండి. కొండచరియలు విరిగి పడే పాత రోడ్డుకి బదులు 2005లో సముద్రం పక్కనే గాల్లో వేలాడినట్టు కట్టిన 665 మీటర్ల వంతెన, నడిచే దారి కూడా ఉంది. జూన్, జులైలో వెళ్తే దూరంగా నీటి జల్లు పైకి లేస్తుందేమో చూస్తూ ఉండమనండి, తిమింగలాలు ఉత్తరానికి పోయే కాలం అది. మీరు గాల్లోంచి కిందికి చూస్తే మీకే ముందు కనిపించొచ్చు, అప్పుడు ఆవిడ మీతో మాట్లాడకపోతే నన్ను అనకండి.