ఐర్లాండ్ ప్రైమరీ స్కూల్లో క్లాస్ టూర్‌కి డబ్బు పోగు చేయడం, ప్రాజెక్టులు, పేరెంట్ హెల్పర్ పని: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: పాప థర్డ్ క్లాస్, క్లాసులో 26 మంది. జూన్‌లో టూర్ ఉంది, ఖర్చులో కొంత పోగు చేద్దామని టీచర్ అన్నారు, మీరు హెల్పర్‌గా పేరిచ్చారు. కేక్ సేల్ అంటే ఏమిటో, మన పిండివంటలు పెట్టొచ్చో లేదో, ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో, క్లాసు ప్రాజెక్టుల్లో ఎలా సాయపడాలో తెలియడం లేదు.

జూన్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. స్కూళ్లు జూన్ చివర మూసేస్తారు, టూర్లన్నీ మే నెలాఖరు, జూన్ నెలల్లోనే. దేశంలోని క్లాసులన్నీ అదే ఐదారు వారాల్లో బస్సుల కోసం ఎగబడతాయి. అందుకని జనవరి, ఫిబ్రవరిలోనే బస్సు బుక్ అయిపోవాలి. ఈస్టర్‌కి రెండు వారాలు సెలవు, ఫిబ్రవరిలో మిడ్‌టర్మ్ బ్రేక్ ఉంటుంది. ఫిబ్రవరి మధ్యలో మొదలుపెడితే, ఇవి తీసేశాక డబ్బు పోగు చేయడానికి మిగిలేది పది పన్నెండు వారాలే.

ముందు లెక్క. ఉదాహరణకి బస్సు 520 యూరోలు, ప్రవేశ రుసుము తలకి 10 అనుకుందాం. మొత్తం 780. ఇంటికి 15 యూరోలు అడిగితే 390 వస్తుంది, మిగతా 390 మీరు పోగు చేయాలి. మీకొచ్చిన కొటేషన్ వేరే ఉంటుంది, లెక్క తీరు మాత్రం ఇదే. బస్సుకి రేటు బస్సు మొత్తానికే కానీ సీటుకి కాదు, కాబట్టి పక్క క్లాసుతో కలిస్తే సగం తగ్గుతుందని అందరూ అనుకుంటారు. కానీ మామూలు కోచ్‌కి 53 సీట్లు. రెండు క్లాసుల 52 మంది పిల్లలు, నలుగురు పెద్దవాళ్లు కలిస్తే 56. పిల్లలే కదా అని ఇద్దరి సీట్లో ముగ్గుర్ని సర్దడం ఇక్కడ కుదరదు, ప్రతి బిడ్డకీ సొంత సీటు, సొంత బెల్ట్ ఉండాలి. ఈ మూడు సీట్ల సంగతి జూన్‌లో బయటపడితే మినీబస్సు కూడా దొరకదు. పెద్దవాళ్లని కూడా కలిపి తలలు లెక్కపెట్టాకే కంపెనీకి ఫోన్ చేయమనండి.

ఆ 390 ఎలా? నా ఉద్దేశంలో ఒక కేక్ సేల్, దాంతోపాటు సీసాల డిపాజిట్ చాలు. రాఫెల్ (టికెట్లు అమ్మి, చీటీ తీసి బహుమతి ఇచ్చే లాటరీ) జోలికి సొంతంగా వెళ్లకండి. లాటరీలకి ఇక్కడ ప్రత్యేక చట్టం ఉంది, అది పేరెంట్స్ అసోసియేషన్ చూసుకోవాల్సిన పని. ఇంటింటికీ తిరిగో, వీధిలో డబ్బా పట్టుకునో నగదు వసూలు చేయాలంటే గార్డా (ఇక్కడి పోలీసు) పర్మిట్ కావాలి, కాబట్టి పిల్లలతో అలాంటివి వద్దు. ఏం చేసినా ముందు ప్రిన్సిపల్ ద్వారా బోర్డ్ ఆఫ్ మేనేజ్‌మెంట్ (స్కూలు నడిపే కమిటీ) ఒప్పుకోలు ఉండాలి.

సీసాలు, డబ్బాల సంగతి. 2024 ఫిబ్రవరి 1 నుంచి రీ-టర్న్ పథకం నడుస్తోంది: కొనేటప్పుడు కట్టిన డిపాజిట్, ఖాళీ సీసానో డబ్బానో షాపులోని మెషీన్‌లో వేస్తే తిరిగొస్తుంది. 150 మిల్లీలీటర్ల నుంచి 500 దాకా ఉన్న ప్లాస్టిక్ సీసాకో డబ్బాకో 15 సెంట్లు, అంతకు మించి 3 లీటర్ల దాకా 25 సెంట్లు. అన్నీ చిన్నవే అనుకున్నా 390 యూరోలకి 2,600 కావాలి. అంటే పిల్లకి వంద, పది వారాల్లో వారానికి పది. వినడానికి తేలికే. తేడా ఎక్కడొస్తుందంటే, నలిగిన డబ్బాని మెషీన్ తీసుకోదు. బార్‌కోడ్, రీ-టర్న్ లోగో రెండూ కనబడాలి. గాజు సీసాలు, పాల సీసాలు పథకంలో లేవు. ఇండియన్ షాపులో కొన్న కూల్ డ్రింక్ డబ్బా అయినా లోగో ఉందో లేదో చూసే సంచిలో వేయండి. ప్లాస్టిక్ సీసా మూతతో సహా ఇవ్వొచ్చు.

నలపకూడదు కాబట్టి చోటు విపరీతంగా తింటాయి. వారానికి 260 సీసాలు స్కూలుకి తెస్తే క్లాసులో ఓ మూల మొత్తం నిండిపోతుంది. కడగని కోలా సీసాలకి మే నెలలో కందిరీగలు ముసురుతాయి. పైగా మెషీన్ ఒక్కొక్కటే తీసుకుంటుంది, శనివారం మధ్యాహ్నం వెనకాల క్యూ కట్టినవాళ్లు గుర్రుగా చూస్తారు, మధ్యలో మెషీన్ నిండి ఆగిపోతుంది. అందుకని పోగు చేసి ఒక్కళ్లే మోసే పద్ధతి కంటే, ఏ ఇంటివాళ్లు ఆ ఇంటివి వేసి, వచ్చిన డబ్బు కవర్లో పంపడం మేలు. మెషీన్ ఇచ్చే రసీదు ఆ షాపులోనే చెల్లుతుంది. కౌంటర్లో ఇస్తే నగదు ఇస్తారు, సరుకులు కొనాల్సిన పని లేదు. రసీదులు అలాగే స్కూలుకి పంపితే నాలుగు రకాల షాపులవి వచ్చి చేరతాయి, వాటిని మార్చే పని మీ నెత్తిన పడుతుంది. క్లాసులో గోడకి ఒక చార్ట్ పెట్టి వారం వారం మొత్తం సంఖ్య మాత్రం రాయించండి. ఎవరెన్ని తెచ్చారో పేర్లతో రాయడం వద్దే వద్దు.

ఇక కేక్ సేల్. ఇంట్లో చేసినవి తెచ్చి స్కూల్ హాల్లో బల్లలు వేసి బ్రేక్ టైములో పిల్లలకి అమ్మడం, అంతే. ధర మీద తెలివితేటలు వద్దు: ముక్క 1 యూరో, చిన్నది 50 సెంట్లు. 80 సెంట్లు, 1.20 లాంటివి పెడితే చిల్లర దగ్గర బ్రేక్ అంతా గడిచిపోతుంది. గల్లాపెట్టెలో ముందే 40 యూరోల చిల్లర, సగం 50 సెంట్ల నాణేలు, సగం 1 యూరోవి, ఉండాలి. బ్యాంకుకి వెళ్లే పని ఒక రోజు ముందే చూసుకోండి. లెక్క తేలేటప్పుడు ఆ 40 పక్కకి తీయడం మర్చిపోకండి, చాలామంది దాన్నీ లాభంలో కలిపేసి సంతోషపడతారు. స్కూల్లో 200 మంది ఉంటే, కొందరు రెండేసి కొంటారు కాబట్టి 250 ముక్కలు వేసుకోవచ్చు. 26 ఇళ్లలో 15 ఇళ్ల నుంచి తలా 16, 18 ముక్కలు వస్తే సరిపోతుంది. అందరినీ చాక్లెట్ కేకే తెమ్మనకుండా వాట్సాప్‌లో ఎవరేం తెస్తారో ముందే రాయించుకోండి. జూనియర్ ఇన్ఫాంట్స్‌ని (స్కూల్లో అందరికంటే చిన్న క్లాసు) మొదట పంపాలి. సిక్స్త్ క్లాస్ వాళ్లు ముందొస్తే చిన్నపిల్లలకి మిగిలేది రైస్ కేకులే. రైస్ క్రిస్పీ బన్స్ (మరమరాల లాంటి వాటిని చాక్లెట్‌తో కలిపి చేసే ముద్దలు) అన్నిటికంటే ముందు అయిపోతాయి, వాటిని మూడు విడతలుగా బయటపెట్టండి.

మన వంటలు పెట్టొచ్చా? పెట్టొచ్చు, పైగా బాగా పోతాయి. కానీ ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. చాలా స్కూళ్లలో పల్లీలు, జీడిపప్పు లాంటి గింజలు నిషేధం. కాజు కట్లీ, పల్లీ చిక్కీ, బాదం హల్వా వద్దని అందరికీ తెలుసు. అంత తేలిగ్గా తట్టనివి వేరే ఉన్నాయి. యూరప్ చట్టం ప్రకారం చెప్పి తీరాల్సిన ఎలర్జీ పదార్థాలు 14. అందులో గోధుమ, పాలు, గుడ్లు, పల్లీలు, గింజలు, సోయాతో పాటు నువ్వులు, ఆవాలు కూడా ఉన్నాయి. అరిసెల మీద నువ్వులు, జంతికల్లో నువ్వులు, పోపు పెట్టిన దేనిలోనైనా ఆవాలు. అన్నిటికంటే మోసం చేసేది ఇంగువ: డబ్బాలో దొరికే ఇంగువలో చాలా వాటికి గోధుమపిండి కలుపుతారు. బియ్యప్పిండి జంతికలు కదా అని గ్లూటెన్ లేదని రాసేస్తే, సీలియాక్ (గ్లూటెన్ పడని జబ్బు) ఉన్న బిడ్డకి ప్రమాదం. చెక్కల్లో శనగపప్పు బదులు పల్లీలు వేసే ఇళ్లున్నాయి. నెయ్యి పాల కిందికే వస్తుంది, "పాలు పోయలేదు" అన్న మాట ఇక్కడ చెల్లదు. కొబ్బరి ఆ 14లో లేదు, అయినా లేబుల్ మీద రాయండి.

నా మాట వింటే మూడే పెట్టండి. గవ్వలు (మైదా, బెల్లం, నెయ్యి), కారం వేయని కారప్పూస (శనగపిండి, ఇంగువ లేకుండా), కొబ్బరి లౌజు. కాగితపు కప్పుల్లో ఆరేసి గవ్వలు వేస్తే చేతికి అంటుకోవు, పంచడం తేలిక. గులాబ్ జామూన్ పెట్టారంటే పాకం యూనిఫాం మీద కారుతుంది, టీచర్ మళ్లీ మిమ్మల్ని పిలవరు. సమోసాలు వేడిగా ఉంచాలి, అది ఇంకో తలనొప్పి. సున్నుండలు ఇక్కడి పిల్లలకి నోట్లో అతుక్కుంటాయి, పెద్దలు మాత్రం ఇష్టపడతారు. ప్రతి పళ్లేనికీ ఒక కార్డు: పేరు, అందులో వేసినవన్నీ, ఎలర్జీ పదార్థాలు లావు అక్షరాల్లో. గింజలు వేయించిన మూకుడులోనే చేసి ఉంటే ఆ ముక్క కూడా రాయండి. ఆ తర్వాత కొనాలో వద్దో తల్లిదండ్రులే చూసుకుంటారు.

డబ్బు దగ్గర ఒకటే నియమం: ఇద్దరు పెద్దవాళ్లు కలిసి లెక్కపెట్టి, కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, అదే రోజు స్కూల్ ఆఫీసులో ఇచ్చేయడం. ఎవరో ఒకరి రివల్యూట్‌కి (ఫోన్‌లో డబ్బు పంపే యాప్) అందరూ పంపడం ఇక్కడ మామూలైపోయింది, కానీ అది ఇంటి ఖర్చులతో కలిసిపోయి మూడు వారాల తర్వాత ఎవరిది ఎంతో తేలదు. చాలా స్కూళ్లు అలాదిన్ లాంటి యాప్‌లోనే టూర్ డబ్బు కట్టించుకుంటాయి, అదే వాడమనండి. ఎవరు కట్టలేదో గ్రూపులో రాయకండి. ఇబ్బందిలో ఉన్న ఇంటి సంగతి టీచర్‌కీ ప్రిన్సిపల్‌కీ వదిలేయాలి. టూర్ పేరుతో పోగైంది టూర్‌కే వాడాలి. మిగిలితే ఏం చేస్తారో ముందే చెప్పేయడం మంచిది.

ప్రాజెక్టుల గురించి కూడా అడిగారు, క్లుప్తంగా. థర్డ్ నుంచి సిక్స్త్ క్లాస్ దాకా ఈఎస్‌బీ సైన్స్ బ్లాస్ట్ అనే స్కూళ్ల సైన్స్ కార్యక్రమంలో క్లాసు మొత్తం కలిసి ఒకే ప్రశ్న మీద పని చేస్తుంది. అగ్నిపర్వతం బొమ్మ చేయడం ప్రశ్న కాదు. "ఏ కిచెన్ పేపర్ ఎక్కువ నీళ్లు పీలుస్తుంది?" అనేది ప్రశ్న. ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి, ఒక్కో రకాన్నీ మూడేసి సార్లు కొలవాలి. ఇంట్లో అమ్మానాన్నలు చార్టు అందంగా గీసిచ్చేస్తే అది మన ప్రాజెక్టవుతుంది, వాళ్లది కాదు. గ్రీన్ స్కూల్స్ (స్కూళ్ల పర్యావరణ కార్యక్రమం) జెండా కోసం మీ స్కూలు చెత్త అంశం మీద పని చేస్తుంటే సీసాల చార్టు అక్కడ కూడా పనికొస్తుంది, కమిటీ టీచర్‌కి చెప్పండి. తోట పని అయితే ఒక్క జాగ్రత్త: జూలై, ఆగస్టుల్లో నీళ్లు పోసేవాళ్లుండరు. టమాటాలు, గుమ్మడి వద్దు. హోమ్ గార్డ్ అనే రకం లాంటి తొలి పంట బంగాళాదుంపలు ఫిబ్రవరిలో గుడ్డు ట్రేలో మొలక వచ్చేలా పెట్టి, సెయింట్ పాట్రిక్స్ డే (మార్చి 17) ప్రాంతంలో నాటితే జూన్‌లో పిల్లలే తవ్వుకుంటారు. 40 లీటర్ల సంచికి రెండు దుంపలు చాలు, నాలుగు పెడితే గోలీల్లాంటివి వస్తాయి. సంచి అడుగున చిల్లులు పెట్టకపోతే ఇక్కడి వానకి కుళ్లిపోతాయి.

టూర్ ఎక్కడికి అనేది టీచర్ నిర్ణయం. మిమ్మల్ని అడిగితే దూరం లెక్క చెప్పండి. 9:20కి బస్సు కదిలి, గంటా పావు ప్రయాణం చేసి, 2:30కల్లా తిరిగి రావాలంటే అక్కడ చేతికందేది రెండు గంటల నలభై నిమిషాలు. అందులో భోజనానికి అరగంట, టాయిలెట్లకి అరగంట పోతాయి. న్యూగ్రేంజ్ అనే పురాతన సమాధి కట్టడం గొప్ప చోటు, క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టింది, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. కానీ విజిటర్ సెంటర్ నుంచి వాళ్ల బస్సులోనే వెళ్లాలి, లోపలికి కొద్దిమందినే పంపుతారు, 19 మీటర్ల ఇరుకు దారిలో కొందరు పిల్లలు బెదురుతారు. అక్కడికైతే రోజంతా కేటాయించాలి. డబ్బు తక్కువైతే డబ్లిన్‌లో నేషనల్ మ్యూజియం, చెస్టర్ బీటీ మ్యూజియం ప్రవేశం ఉచితం, గ్రూపు కోసం ముందే బుక్ చేసుకోవాలి. పాత క్రైస్తవ మఠం ఉన్న గ్లెండలాఖ్‌లో రౌండ్ టవర్, సరస్సు చూడటానికి టికెట్ లేదు, కానీ వాన పడితే తలదాచుకునే చోటు తక్కువ.

హెల్పర్‌గా వెళ్లడానికి గార్డా వెట్టింగ్ (పోలీసు నేపథ్య తనిఖీ) కావాలా అంటే, ఎప్పుడో ఒకసారి సాయం చేసే తల్లిదండ్రులకి, బోధన, కోచింగ్ లాంటివి కాకపోతే, చట్టంలో మినహాయింపు ఉంది. అయినా చాలా స్కూళ్లు అడుగుతాయి. స్కూలు ద్వారానే చేయించాలి, మనంతట మనం చేసుకునేది కాదు. ఫారంలో పుట్టినప్పటి నుంచి ఉన్న చిరునామాలన్నీ రాయాలి: సొంత ఊరు, కాలేజీ హాస్టల్, అమీర్‌పేట పీజీ, బెంగళూరు ఫ్లాటు, అన్నీ. ఏళ్లతో సహా ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, మధ్యలో ఖాళీ ఉంటే ఫారం వెనక్కి వస్తుంది.

ఆ రోజు మీ పాప మీ గుంపులో ఉండకపోవచ్చు, టీచర్లు కావాలనే అలా వేస్తారు. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే వాళ్లని వెంట తీసుకెళ్లొద్దు. వేరే పిల్లల ఫొటోలు తీయొద్దు, గ్రూపులో అసలు పెట్టొద్దు. గొడుగు కాదు, టోపీ ఉన్న రెయిన్ జాకెట్. సన్ క్రీమ్ ఇంట్లోనే రాసి పంపాలి. భోజనానికి పులిహోర పెట్టొచ్చు, పల్లీలు తీసేసి, చెంచా వేసి, పక్కవాళ్లతో పంచుకోవద్దని చెప్పి. ఇన్హేలర్, ఎపిపెన్ (తీవ్రమైన ఎలర్జీకి ఇచ్చే ఇంజెక్షన్) ఉన్న పిల్లలవి టీచర్ బ్యాగులో ఉన్నాయో లేదో బస్సు కదలకముందే అడగండి, లగేజీ అరలో కాదు. వాంతులయ్యే పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, మూత ఉన్న ఐస్‌క్రీమ్ డబ్బాలు రెండు, వైప్స్, ఒక జత అదనపు ట్రాక్‌సూట్ మీ కాళ్ల దగ్గర పెట్టుకోండి.