సమాధానం: జనం వచ్చి పావుగంటకే వెళ్లిపోతున్నారంటే

అన్నా, కావలి దగ్గర మీ ఊరి కుర్రాళ్లు కలిసి పెట్టే చిన్న రైతుల ప్రదర్శనకి జనం వస్తున్నారు గానీ ఒక చుట్టు చుట్టి వెళ్లిపోతున్నారన్నారు. మీరు రాసినదాన్ని బట్టి లోపం జీవాల్లో లేదు, మైకులో ఉంది. పొద్దస్తమానం చందాదారుల పేర్లే చదువుతుంటే ఎవరు నిలబడతారు?

గొర్రెల పోటీ అప్పుడు మైకు ఓ పెద్ద కాపరికి ఇవ్వండి. నెల్లూరు జాతిలో మూడు రకాలు కదా: ఒళ్లంతా తెల్లనిది పల్ల, తెలుపు మీద మూతికీ కళ్లచుట్టూ నల్లమచ్చలుంటే జోడిపి, ఎర్రగోధుమ రంగుది దొర. మూడింటినీ పక్కపక్కనే కట్టి చెప్పించండి. తర్వాత పొట్టేలు పెదవి ఎత్తి చూపించమనండి. ముందువైపు పైపళ్లే ఉండవు, కింద ఎనిమిది. నడిమి రెండు పాలపళ్లు ఊడి పెద్దవి వచ్చాయంటే ఏడాది దాటినట్టే. పిల్లలు అక్కణ్ణుంచి కదిలితే నన్నడగండి.

ఇక పనికి మనుషులు చాలట్లేదన్నది. అందరూ బండలాగుడు దగ్గరే ఉంటారు, తెలిసిందేగా! ఆ పోటీ సాయంత్రానికి జరిపి, అప్పటిదాకా రెండేసి గంటల వంతులు వేయండి, ముఖ్యంగా నీళ్లతొట్ల దగ్గర. బండ బరి మాత్రం గొర్రెలకి దూరంగా ఉండాలి, ఆ కేకలకి మంద బెదురుతుంది. షామియానా జీవాలకే కాదు, చూసేవాళ్లకీ వేయించండి.