పాత చైన్‌సా: చిన్నదా, పెద్దదా?

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మా తోటలో గాలివానకు రెండు తుమ్మలు, ఒక వేప కూలాయి. కట్టెలు కోసుకోవడానికి రాణీగంజ్‌లో రెండు పాత చైన్‌సాలు చూశాను. ఒకటి స్టిల్ ఎంఎస్ 180, తొమ్మిది వేలు. ఇంకోటి 22 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి పట్టీ) ఉన్న, ఊరూపేరూ లేని 58 సీసీది, నాలుగున్నర వేలు. ఏది కొనమంటారు?
- ఒక పాఠకుడు, అత్తాపూర్

జవాబు: స్టిలే తీసుకోండి, కానీ కళ్లు మూసుకుని కాదు. అది 31.8 సీసీయే అయినా అడుగు మందం మొద్దు దాకా నిదానంగా కోస్తుంది. అంత పొడుగు బార్ కొత్తవాళ్లకు ప్రమాదం, దాని మొన పైభాగం కట్టెకు తగిలిందంటే రంపం ఎగిరి మీదికే వస్తుంది.

కొనేముందు సైలెన్సర్ విప్పించి లోపలికి టార్చ్ కొట్టి చూడండి, పిస్టన్ మీద నిలువు గీతలుంటే ఆయిల్ కలపకుండా నడిపి ఉంటారు, వదిలేయండి. మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి. నేనొకసారి వేడి ఇంజన్ ఒక్క లాగుకే స్టార్టయిందని మురిసిపోయి కొన్నాను, మర్నాడు తాడు లాగి లాగి భుజం పట్టేసింది! ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కనప్పుడు, చైన్ తిరగకూడదు, బ్రేక్ పట్టాలి.

లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల మంచి టూ-స్ట్రోక్ ఆయిల్ కలపండి. ఎండు తుమ్మ మహా గట్టిది, పలుకుల్లా రావాల్సిన పొట్టు పిండిలా రాలుతుంటే చైన్ మొద్దుబారినట్టే, 4 ఎంఎం గుండ్రటి ఆకురాయితో పదును పెట్టుకోండి.